సుద్దతో గీసిన గాలి

మా తమ్ముడికి తలనొప్పి రోజూ వచ్చేది కాదు. నా అనుమానం అక్కడే మొదలైంది. రోజూ వస్తే నీళ్ల పని వాడి వంటికి పడలేదని అనుకునేదాన్ని. కొన్ని రోజులు నవ్వుకుంటూ ఇంటికి వచ్చి, అన్నం తిని, ఫోను చూస్తూ పడుకునేవాడు. కొన్ని రోజులు మాత్రం గడపలోనే కూలబడి, రెండు చేతులతో కణతలు నొక్కుకుంటూ "లైటు బంద్ చెయ్యే అక్కా" అనేవాడు. అదే నది, అదే పడవ, అదే పని. మరి తేడా ఎక్కడ వస్తోంది?

నేను బొగ్గుబాయి మీద, అంటే గని పైన ఉండే ల్యాంపు రూములో పనిచేస్తాను. మా నాన్న ఆరోగ్యం పాడై బాయిలో పని మానుకున్నప్పుడు ఆ ఉద్యోగం నాకు వచ్చింది. షిఫ్టుకు దిగేవాళ్లకు టోపీకి తగిలించుకునే దీపాలు ఇవ్వాలి. పైకి వచ్చినవాళ్ల దగ్గర తీసుకుని ఛార్జింగుకు పెట్టాలి. దీపం తిరిగి రాలేదంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం. షిఫ్టు ముగిశాక కూడా ఒక దీపం జాగా ఖాళీగా కనిపిస్తే దాన్ని అనుమానంగా చూడడం మాకు మొట్టమొదట నేర్పిన పని. ఆ చూపు ఇంటికి కూడా వచ్చేసింది. నీ బుద్ధే ల్యాంపు రూము బుద్ధి అని మా ఆయన అంటూ ఉంటాడు.

బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా గోదావరిఖని శాఖా గ్రంథాలయంలో చదువుకున్నాను. మొదటి షిఫ్టు డ్యూటీ ఉన్న వారమంతా నా సాయంత్రాలు అక్కడే గడుస్తాయి. దినపత్రికలు పరిచిన పొడుగు బల్ల దాటి, లోపలి బీరువాల దాకా వెళ్లే ఆడవాళ్లం తక్కువ. నక్షత్రాలు, నరాలు, రాజుల యుద్ధాలు, కోళ్ల రోగాలు, ఏది చేతికి వస్తే అది చదివాను. నాకు తెలిసినవాటిలో మంచి భాగం ఆ బీరువాలదే. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, కాస్త గర్వం కూడా ఉంది.

మా ఆయన బాయిలో ఫిట్టర్. పంపులు, మోటార్లు, పట్టాలు, ఏది ఆగినా కబురు ఆయనకే వెళ్తుంది. పాడైన వస్తువును ఇంట్లోంచి బయటికి పోనివ్వడు. మా తమ్ముడు ఓపెన్‌కాస్టు గనిలో ఒక కాంట్రాక్టరు కింద పనిచేసేవాడు. కాంట్రాక్టు మారింది, పని పోయింది. తర్వాత బసంత్‌నగర్ సిమెంటు లారీల మీద క్లీనరుగా కొన్నాళ్లు తిరిగాడు. చివరికి పడవల పని దొరికింది.

నది మీద ఆనకట్ట కట్టాక దాని పైన నీళ్లు ఎప్పుడూ నిండుగా నిలిచి ఉంటున్నాయి. నిలిచిన నీళ్లలో పడవ అడుగుకు నాచు పడుతుంది. నత్తలు అతుక్కుంటాయి. తెగిన వలల దారాలు మోటారు రెక్కలకు చుట్టుకుంటాయి. చేపలు పట్టే చిన్న పడవలనైతే ఒడ్డుకు లాగి బోర్లించి గీకుతారు. కానీ మనుషులనూ మోటారు సైకిళ్లనూ అవతలి ఒడ్డుకు చేర్చే ఇనుప పడవ ఒకటి ఉంది. దాన్ని ఒడ్డుకు ఎక్కించాలంటే క్రేను రావాలి. ఆ పడవ యజమాని ఇంజన్ల మెకానిక్కు కూడా. అందరం ఆయన్ను భాయ్ అని పిలుస్తాం. క్రేను లేకుండా పడవ నీళ్లలో ఉండగానే అడుగు గీకిపెట్టే మనిషి కావాలని భాయ్ వెతుకుతుంటే మా తమ్ముడు ఒప్పుకున్నాడు.

మొదట్లో ఊపిరి బిగబట్టి మునిగేవాడు. కొంచెం గీకి పైకి వచ్చి రొప్పేవాడు, మళ్లీ మునిగేవాడు. రెండు రోజులు అది చూసిన మా ఆయన మూడోనాడు పంక్చరు షాపులో మూలన పడి ఉన్న గాలి కంప్రెషరును ఇంటికి మోసుకొచ్చాడు. దానికి చిన్న పెట్రోలు ఇంజను బిగించాడు. బయటి గాలిని లోపలికి గుంజుకోవడానికి వేరే ఒక పొడుగు పైపు తగిలించాడు. గాలి నిలవ ఉండడానికి ఒక చిన్న ట్యాంకు పెట్టాడు. ఇస్త్రీ బండి దగ్గర తెచ్చిన కట్టెబొగ్గును దంచి, గుడ్డలో చుట్టి, ఒక గొట్టంలో కూరి, గాలి వడగట్టే ఏర్పాటు చేశాడు. అక్కడి నుంచి పొలాలకు మందు కొట్టే పసుపు పచ్చ పైపు పొడుగ్గా సాగుతుంది. దాని చివర, నోటితో కరిచి పట్టుకుని పీల్చే రబ్బరు మూతి ఉంటుంది. ఆ మూతి ఒక్కటే ఈతగాళ్ల సామాను అమ్మే దుకాణంలో కొన్నది. మా ఆయన పాత తోలు బెల్టుకు సీసం ముక్కలు కుట్టించి, నీళ్లలో తేలిపోకుండా తమ్ముడి నడుముకు కట్టాడు. దానికి ఒక తాడు. పైనుంచి ఒక్కసారి గుంజితే "బాగున్నావా" అని, కింది నుంచి ఒక్కసారి గుంజితే "బాగున్నా" అని.

"బాయిల ఇంతమందికి గాలి పంపుతున్నం. ఒక్క బామ్మర్దికి పంపలేమా?" అన్నాడు మా ఆయన, ఇంజను మొదటిసారి చాలూ చేసిన రోజు.

"పంపు బావా. బిల్లు మాత్రం అక్కకు పంపు" అన్నాడు తమ్ముడు.

అప్పటినుంచి నెలలో కొన్ని రోజులు, మా ఆయనకు రాత్రి షిఫ్టు పడిన వారాల్లో, ఆ పడవ కింద వాడు గంటల తరబడి ఉండగలిగాడు. తలనొప్పులు కూడా అప్పటినుంచే.

నా మొదటి అనుమానం కల్లు మీదికి పోయింది. ఒడ్డు మీద తాటిచెట్లున్నాయి, కల్లు గీసేవాళ్లున్నారు, ఆ రోజుల్లో మా ఇద్దరు మగవాళ్లూ పొద్దంతా అక్కడే ఉంటారు.

"తాగినవా?" అని అడిగాను, వాడు గడపలో కూలబడ్డ ఒక సాయంత్రం.

"వాసన చూడు" అని నోరు తెరిచి నా ముఖం మీద ఊదాడు. సోంపు వాసన వచ్చింది. అది నాకు ఇంకా అనుమానం పుట్టించింది. ఏమీ తాగనివాడికి సోంపుతో పనేముంది?

మా ఆయన గోడకు ఆనుకుని నవ్వుతూ చూస్తున్నాడు. "నన్నడుగు, నేను చెప్త. పొద్దుగాల దిగినప్పుడు వానికి ఏం గాదు. పగటీలి నీ కూర తిన్నంక దిగితెనే తల తిరుగుతంది. అనుమానపడాల్సింది మేము."

"నా కూర నువ్వు గూడ తిన్నవు గద!"

"నాకు అలవాటైంది. పెండ్లినాటి సంది తింటున్న."

తమ్ముడు కణతలు పట్టుకునే నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన వేళాకోళంగా అన్న మాటలో ఒక నిజం ఉంది. తలనొప్పి పొద్దున రాదు, మధ్యాహ్నం దిగితేనే వస్తుంది. మధ్యాహ్నం అయితే కల్లు కూడా దొరుకుతుంది. నా లెక్క మళ్లీ అక్కడికే చేరింది.

అయినా ఒక్క అనుమానంతో ఆగిపోయే అలవాటు నాకు లేదు. గ్రంథాలయంలో బాయి పని నేర్చుకునేవాళ్ల కోసం రాసిన పాత పుస్తకం ఒకటి ఉంది. అట్ట ఊడిపోయింది. అందులో బాయి గాలుల మీద ఒక అధ్యాయం ఉంటే బల్ల దగ్గర కూర్చుని మొత్తం చదివాను. కార్బన్ మోనాక్సైడ్ దగ్గరికి వచ్చేసరికి చేయి పేజీ మీదే ఆగిపోయింది. దానికి రంగు లేదు, వాసన లేదు. దీపాన్ని ఆర్పదు. మన రక్తం ప్రాణవాయువు కన్నా దాన్నే గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత వాంతి, తర్వాత మోకాళ్లలో సత్తువ పోవడం, తర్వాత మత్తు. బాయిలో నిప్పు పుడితే వస్తుంది. ఇంజను పొగలోనూ ఉంటుంది. పొగ వాసనను కట్టెబొగ్గు పట్టుకున్నా ఈ గాలిని ఆపలేదు.

ప్రమాదం జరిగితే నోట్లో పెట్టుకుని బయటపడమని దీపంతోపాటు ప్రతి మనిషికీ ఒక డబ్బా ఇస్తాను. ఆ డబ్బా ఈ గాలి కోసమే. నా చేతులతో వేల సార్లు ఇచ్చాను. మా తమ్ముడికి మాత్రం అలాంటి డబ్బా ఏదీ లేదు. నేల మీద మనిషికి మత్తు వస్తే పక్కకు ఒరుగుతాడు, ఎవరో ఒకరు చూస్తారు. నీళ్ల కింద మత్తు వస్తే నోట్లోంచి రబ్బరు మూతి జారిపోతుంది. తర్వాత పీల్చేది నీళ్లే.

ఆ రాత్రి అన్నాల దగ్గరే అడిగాను. "ఇంజను పొగ పైపులకు పోతందా?"

మా ఆయన ముద్ద కిందపెట్టాడు. "నాకు గంత ఎర్క లేదా? గందుకే గాలి గుంజే పైపు అంత పొడుగు పెట్టిన. పొగ ఒక దిక్కు పోతది, పైపు మూతి ఇంకో దిక్కుంటది. గాలి ఎటునుంచి వస్తే అటు పెడ్త. బాయిల సర్దారు ఎట్ల చూస్తడో గట్లనే చూస్తున్న."

"రోజూ చూస్తున్నవా?"

"రోజూ. సుద్దతోని గీస్తున్న గూడ. నమ్మకం లేకుంటె వచ్చి చూస్కో."

సర్దారు అంటే బాయిలో ఒక జట్టుకు పెద్ద. షిఫ్టు మొదలయ్యేటప్పుడు ముందు తను లోపలికి వెళ్లి కప్పు, గాలి చూసి, చూసిన చోట సుద్దతో గుర్తు వేసి సంతకం పెడతాడు. ఆ గుర్తు ఉంటేనే మిగతావాళ్లు లోపలికి అడుగు పెడతారు. మా ఆయన ఆ పద్ధతి పాటిస్తున్నాడంటే నేను తలవంచాల్సిందే. పుస్తకంలోనూ పొగకు దూరంగా, గాలి వచ్చే వైపు ఉండమనే ఉంది. మరి తలనొప్పి? అడిగినదానికి ఇంత చక్కగా జవాబు సిద్ధంగా ఉండడం కూడా నాకు నచ్చలేదు. బావా బామ్మర్దులు ఇద్దరూ ఒకటై కల్లు సంగతి దాస్తున్నారని మళ్లీ అనిపించింది. రెండు రోజులు మా ఆయన నాతో ముభావంగా ఉన్నాడు.

ఆ వారం సెలవు రోజున చెప్పకుండా నది ఒడ్డుకు వెళ్లాను. చేతిలో టిఫిన్ డబ్బా ఉంది కాబట్టి సద్ది తెచ్చానని చెప్పుకోవచ్చు. నిజానికి సీసా పట్టుకోవడానికి వెళ్లాను.

ఎండ ఇంకా ముదరలేదు. ఇనుప పడవను ఒడ్డుకు దగ్గరగా కట్టేశారు. నీళ్ల అంచున చెక్క మీద మిషను ఉంది. తమ్ముడు బెల్టు కట్టుకుంటున్నాడు. నన్ను చూసి మా ఆయనతో, "బావా, ఇన్‌స్పెక్షనొచ్చింది. అన్నీ సర్దుకో" అన్నాడు.

మా ఆయన వంగాడు. ఒడ్డు మీద సన్నటి దుమ్ము చిటికెడు తీసి, చేయి చాచి, వేళ్లు సడలించాడు. దుమ్ము నీళ్ల వైపు వాలింది. ఒడ్డు మీది నుంచి నది మీదికి గాలి పోతోందన్నమాట. ఇంజను పొగగొట్టం నీళ్ల వైపు ఉండేలా చెక్కను తిప్పాడు. గాలి గుంజే పైపును ఒడ్డు మీదికి, తుమ్మచెట్టు దాకా లాగి, మూతికి గుడ్డ కట్టి ఒక కొమ్మకు తగిలించాడు. తర్వాత జేబులోంచి సుద్దముక్క తీసి, బల్లపరుపు రాయి మీద నీళ్ల వైపుకు బాణం గుర్తు గీసి, కింద సంతకం పెట్టాడు. బాయిలో పెట్టినట్టే. నా వైపు చూశాడు. నేను టిఫిన్ డబ్బా చెట్టు కింద పెట్టాను.

తమ్ముడు మునిగాడు. పడవ పక్కన బుడగలు పైకి వస్తున్నాయి. నేను మిషను చుట్టూ తిరిగి ఉన్న సీసాలన్నీ ఒక్కొక్కటిగా వాసన చూశాను. ఒకదాంట్లో మంచినీళ్లు, ఒకదాంట్లో పెట్రోలు, ఒకదాంట్లో చల్ల.

భాయ్ పడవ మీద నట్లు బిగిస్తూ నన్ను చూసి నవ్వాడు. "చెల్లె, ఏం దేవులాడుతున్నవ్? కల్లా? తోబా! నీ మొగునికి తాగే ఫుర్సత్ ఏడిది? ఇంజను ముంగట కూసున్నడంటె నమాజుల కూసున్నట్టే. పలకరించినా పలకడు."

"మరి సోంపెందుకు తింటున్నడు భాయ్, మా తమ్ముడు?"

"ఆ రబ్బరు కరిచి కరిచి నోరంత ఖరాబైతదంట. నేనే ఇస్తున్న సోంపు."

అనుమానం ఒకటి ఊడిపోయింది. మనసు తేలిక పడాల్సింది. పడలేదు. కల్లు కానప్పుడు ఇంకేమిటి?

మధ్యాహ్నానికి తమ్ముడు పైకి వచ్చాడు. తలనొప్పి లేదు. నలుగురం తుమ్మచెట్టు నీడలో కూర్చుని తిన్నాం. వాడు వంకాయ కూర రెండోసారి వేయించుకున్నాడు. "విషం మంచిగున్నదక్కా. కొంచెం ఉప్పు తక్కువైంది."

తిన్నాక కాసేపు కూర్చుని మళ్లీ బెల్టు కట్టుకున్నాడు. మోటారు రెక్కల దగ్గర వల చుట్టుకుని ఉందట, అది కోసేస్తే ఆ రోజు పని అయిపోతుంది. మా ఆయన ఇంజను చాలూ చేశాడు. ట్యాంకు మీది మీటరు ముల్లు చూశాడు, ఇంజను బెల్టు చూశాడు, బొగ్గు గొట్టం చేత్తో తడిమి చూశాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తమ్ముడు మునిగాడు.

నేను డబ్బాలు కడిగి, తడి తుండుగుడ్డను చెట్టు పక్కనే, నీళ్ల వైపున్న పొద మీద ఆరవేసి, చెట్టు కిందికి వచ్చి కూర్చున్నాను. కూర్చున్న కాసేపటికి తుండుగుడ్డ కొంగు లేచి నా మోకాలికి తగిలింది. దాన్ని పక్కకు తోశాను. మళ్లీ తగిలింది. పెట్రోలు పొగ వాసన ముక్కుకు వచ్చింది. పొద్దున కూడా ఇదే చెట్టు కింద కూర్చున్నాను, అప్పుడు ఈ వాసన రాలేదు.

తలెత్తి చూశాను. నా తల పక్కనే, కొమ్మకు, గాలి గుంజే పైపు మూతి వేలాడుతోంది. రాయి మీద సుద్ద బాణం మాత్రం నీళ్ల వైపే చూపిస్తోంది.

"గాలి తిరిగింది!" అని అరిచాను.

ఇంజను చప్పుడులో మా ఆయనకు సరిగ్గా వినపడలేదు. "ఏందే?"

"గాలి తిరిగింది! పొగ పైపులకే వస్తంది!"

"పొద్దుగాల చూసిననే!" అని ఆయన రాయి వైపు చేయి చూపించాడు. చేయి అలా చాచే ఉంది. ఆ చేతి మీదుగా సన్నటి నీలపు పొగ ఒడ్డు మీదికి, చెట్టు వైపుకు, నా వైపుకు వస్తోంది. ఆయన దాన్ని చూశాడు. వెంటనే ఇంజను ఆపబోయాడు.

"దాన్ని ముట్టకు, ఉన్న గాలి గూడ ఆగిపోతది! ముందు వాణ్ని గుంజు!"

తాడును ఒక్కసారి గుంజాడు. జవాబు లేదు. మళ్లీ గుంజాడు. కింది నుంచి చిన్న కదలిక వచ్చింది. అది గుంజినట్టు లేదు, చేయి తగిలినట్టు ఉంది. భాయ్ పడవ మీద నుంచి ఒడ్డు వైపు నడుము లోతు నీళ్లలోకి దూకాడు. ఇద్దరూ కలిసి లాగారు. నేను తాడు కొస పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచాను. తల బయటపడింది. రబ్బరు మూతి నోట్లో లేదు, మెడ పక్కన బుసలు కొడుతూ వేలాడుతోంది. ఒడ్డు మీద వేసేసరికి వాడు పక్కకు తిరిగి నీళ్లూ అన్నమూ కక్కుకున్నాడు. తర్వాత కళ్లు సగం తెరిచి, ముఖం మీద పడుతున్న మిట్టమధ్యాహ్నపు ఎండలో, "లైటు బంద్ చెయ్యే అక్కా" అన్నాడు.

భాయ్ పిలిచిన ఆటోలో దవాఖానకు తీసుకెళ్లాం. ఇంజను పొగ పీల్చాడని చెప్పగానే డాక్టరు ముక్కుకు ప్రాణవాయువు పెట్టించింది. ఇంకొంత ఆలస్యమైతే అన్న మాట ఆమె పూర్తి చేయలేదు. మేమూ పూర్తి చేయమని అడగలేదు. సాయంత్రానికి వాడు తన పేరు, నా పేరు సరిగ్గా చెప్పాడు. బావ ఏడి అని అడిగాడు.

బావ బయట బల్ల మీద ఉన్నాడు. వేళ్లకు ఇంకా సుద్ద అంటుకుని ఉంది. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"బాయిల ఎన్నేండ్ల సంది చేస్తున్ననే. గాలి ఎటు పోతె అటే పోతది. పొద్దటి షిఫ్టుకు ఎటు పోయిందో రాత్రి షిఫ్టుకు గూడ అటే. పొద్దుగాల ఒక్కసారి చూస్తె అయిపాయె. గాలి వెనుకకు తిరుగుతదని ఎవడనుకుంటడు?"

బాయి పైన పెద్ద ఫ్యాను పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటుంది. మంచి గాలి ఒక దారిన దిగుతుంది, చెడ్డ గాలి ఇంకో దారిన పైకి వస్తుంది. అక్కడ గాలి తనంతట తను తిరగదు. తిరిగిందంటే ఫ్యానుకు ఏదో అయిందని, మనుషులను పైకి తేవాలని అర్థం. మా ఆయన తప్పుగా చూడలేదు. పొద్దున సరిగ్గా చూశాడు, సరిగ్గా గీశాడు. ఆకాశం కింద పెట్టిన సంతకం మధ్యాహ్నానికి చెల్లదని ఆయనకు తట్టలేదు. మధ్యాహ్నం గాలి తిరిగిన రోజులే తమ్ముడి తలనొప్పి రోజులు. నేను చదివిన పుస్తకంలో ఆ గాలి పేరు ఉంది, దాని గుణం ఉంది. మా ఆయన అలవాటు అందులో లేదు. పుస్తకం చదివాను కాబట్టి ఆ పొగ వాసనకు లేచి అరిచాను. కానీ ఒడ్డుకు నన్ను నడిపించింది మాత్రం కల్లు అనుమానమే.

వారం రోజులు మిషను పరదా కప్పుకుని క్వార్టరు వెనక పడి ఉంది. భాయ్ ఫోను చేస్తే మా ఆయన ఎత్తలేదు. తమ్ముడు మాత్రం తట్టుకోలేకపోయాడు.

"బావా, నాకు ఇంకేం పనున్నది? మళ్ల లారీలెక్కాల్నా?"

"నేను చాలూ చెయ్య. ఇంకెవలనన్న చూస్కో."

"ఇంకెవనికన్న ఈ మిషను ఎర్కనా?"

ఇద్దరూ నా వైపు చూశారు. వద్దంటే నా మాట చెల్లేది. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. కానీ వాడికి పని లేని నెలల్లో వాడు పడుకున్న తీరు కూడా నేను చూశాను, గోడ వైపు తిరిగి, పొద్దెక్కినా లేవకుండా. అందుకే షరతులు పెట్టాను. మిషను కాడ కూర్చునే మనిషి వేరు, తాడు పట్టుకునే మనిషి వేరు. తాడు పట్టుకున్నవాళ్లు ఇంకే పనీ చేయకూడదు. గాలి గుంజే మూతి పొడుగు వెదురు కొసకు, ఇంజనుకు దూరంగా ఉండాలి. దాని మీద నా పాత చీర పేలిక ఒకటి కట్టాలి. పేలిక ఇంజను వైపు నుంచి ఎగిరితే ఆ క్షణమే మనిషి పైకి రావాలి. అన్నం తిన్నాక అసలు దిగకూడదు.

"సుద్ద?" అని అడిగాడు మా ఆయన, మెల్లగా.

"సుద్ద బాయిల గీస్కో."

ఇవన్నీ చాలునా అంటే నాకు నమ్మకం లేదు. నీళ్ల కింద గాలి పీల్చే పని గురించి గ్రంథాలయంలో ఒక్క పుస్తకం కూడా దొరకలేదు. తెప్పించమని అడిగాను, ఇంకా రాలేదు. సెలవు రోజున తాడు నేనే పట్టుకుంటున్నాను. డ్యూటీ రోజుల్లో ల్యాంపు రూములో ఉంటాను. రెండో షిఫ్టుకు దిగే మనుషులు వరుస కట్టకముందే, పొద్దు నడినెత్తికి వచ్చాక ఫోను చేస్తాను.

"గాలి ఎటుందిరా?"

"నీళ్ల దిక్కే పోతందక్కా. పైకొచ్చిన. అన్నం తింటున్న."

"బావకియ్యి."

బావ కూడా అదే చెబుతాడు, నీళ్ల దిక్కే పోతంది, పైకొచ్చిండు, అన్నం తింటున్నడు అని. మాట మాటకూ సరిపోతుంది. ఇద్దరూ ముందే మాట్లాడుకుని చెబుతున్నారేమోనని అప్పుడు ఫోను భాయ్‌కి ఇవ్వమంటాను.